పసుపు దీపం వెలుగుతోంది, పట్టించుకునే వారేరీ?

కొత్తగా కట్టిన ఏరియా ఆసుపత్రుల్లో వరండా గోడకు ఎర్రటి ఇనుప పెట్టె ఒకటి బిగించి ఉంటుంది. దాని పేరు ఫైర్ అలారం ప్యానెల్. చిన్న అద్దంలో ఇంగ్లీషు అక్షరాలు, పక్కన దీపాలు. ఆకుపచ్చ దీపం వెలిగితే కరెంటు ఉన్నట్లు. ఎర్ర దీపం వెలిగితే ఎక్కడో మంట లేచినట్లు. పసుపు దీపం వెలిగితే ఆ ఏర్పాటులోనే ఎక్కడో లోపం ఉన్నట్లు. మొదటి రెండింటి సంగతి వార్డుబాయిలకు కూడా తెలుసు. మూడోదాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

పసుపు దీపంతో పాటు బజర్ కూడా కీచుమంటుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవారు ఎవరో వచ్చి ఒక మీట నొక్కుతారు. అరుపు ఆగుతుంది. దీపం మాత్రం ఆరదు. దసరాకు వెలిగిన దీపం సంక్రాంతికీ వెలుగుతూనే ఉంటే, అది ఆ పెట్టెకు అలంకారమేమో అనుకునే స్థితికి వచ్చారు జనం. నిజానికి ఆ దీపం చెప్పే మాట ఒకటే. ఫలానా గదిలో ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు అని. ఆ ఫలానా గది పాత రికార్డుల కొట్టు కావచ్చు. పసిపిల్లల వార్డూ కావచ్చు.

పసిపిల్లల వార్డంటే నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను, బరువు తక్కువ బిడ్డలను వెచ్చని పెట్టెల్లో ఉంచే చోటు. అక్కడ తల్లి ఎప్పుడూ పక్కన ఉండదు. ఆక్సిజన్ గొట్టాలు, హీటర్లు, వైర్లు రేయింబవళ్ళు పనిచేస్తుంటాయి. మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో 2021 జనవరి 9న అర్ధరాత్రి దాటాక ఇటువంటి వార్డులోనే మంటలు లేచి 10 మంది శిశువులు చనిపోయారు. ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీ వైద్య కళాశాల ఆసుపత్రిలో 2024 నవంబరు 15న అదే ఘోరం జరిగింది. ఆ ఒక్క రాత్రే 10 మంది శిశువులు పోయారు. అంత దూరం ఎందుకు, విజయవాడలో కోవిడ్ కేంద్రంగా నడిచిన ఒక హోటల్లో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున జరిగిన అగ్నిప్రమాదంలో 10 మంది మరణించారు. ఒక్కో చోట కారణాలు వేరు. కానీ మూడూ చీకటి వేళ జరిగినవే. మంచం దిగలేని వారి కోసం ఆ వేళ మేలుకుని ఉండాల్సింది ఈ ఎర్ర పెట్టె.

హాజరు పిలిచే పెట్టె

పాతరకం అలారంలో ఒక అంతస్తుకంతా కలిపి ఒకే దీపం ఉండేది. పొగ ఏ గదిలో వచ్చిందో తలుపులు తీసి వెతుక్కోవలసిందే. ఇప్పుడు పెడుతున్నవి అడ్రసబుల్ రకం. పై కప్పుకు బిగించిన ప్రతి డిటెక్టర్‌కూ, గోడ మీద 'పగులగొట్టి నొక్కుము' అని రాసి ఉండే ప్రతి ఎర్ర డబ్బాకూ ఒక నంబరు ఉంటుంది. ప్యానెల్ నుంచి రెండు పోగుల కేబుల్ బయలుదేరి గదులన్నీ తిరిగి మళ్ళీ ప్యానెల్‌కే చేరుతుంది. దీన్ని లూప్ అంటారు. అందులో నడిచేది 24 వోల్టుల దరిదాపు కరెంటు. ఆ రెండు పోగుల మీదే కరెంటూ వెళుతుంది, కబురూ వెళుతుంది.

బడిలో పంతులు గారు హాజరు వేసినట్లే ప్యానెల్ ఒక్కొక్క నంబరును పిలుస్తుంది. ఆ నంబరు గల డిటెక్టర్ 'ఉన్నాను, పొగ లేదు' అని జవాబిస్తుంది. ఈ పిలుపు పగలూ రాత్రీ ఆగదు. ఒక నంబరు వరుసగా కొన్నిసార్లు పలకకపోతే ప్యానెల్ పసుపు దీపం వెలిగించి, ఆ నంబరును అద్దంలో చూపుతుంది. కమ్యూనికేషన్ ఫాల్ట్ అంటే ఇదే. అక్కడ మంట లేదని కాదు దాని అర్థం. ఉన్నా చెప్పేవాడు లేడని.

లూప్ తిరిగి ప్యానెల్‌కే చేరడంలో ఒక మేలుంది. రెండు కొసల నుంచీ నీరు వచ్చే కాలువకు ఒకచోట గండిపడినా అవతలి కొస నుంచి చేలకు నీరందుతుంది కదా. అలాగే కేబుల్ ఒకచోట తెగినా రెండో వైపు నుంచి ప్యానెల్ అందరినీ పలకరించగలదు. రెండు చోట్ల తెగితేనే నడిమి గదులు మూగపోతాయి. రెండు పోగులు ఒకదానికొకటి తగిలి షార్టయితే, దారిలో బిగించిన ఐసొలేటర్లు తూము తలుపు దించినట్లు ఆ ముక్కను విడదీసి మిగతా లూప్‌ను కాపాడతాయి. ఈ మంచితనమే ఇప్పుడు కొంప ముంచుతోంది. మొదటి గండి పడినప్పుడు 'పనిచేస్తోంది కదా' అంటారు. రెండో గండి పడేదాకా ఎవరికీ చీమ కుట్టినట్లయినా ఉండదు.

వాన వస్తే ఆరు గదులు మాయం

జిల్లాలోని ఒక ఆసుపత్రిలో జరిగినదే ఇందుకు ఉదాహరణ. వాన పడిన ప్రతిసారీ అక్కడి ప్యానెల్ మీద 47 నుంచి 52 దాకా ఆరు నంబర్లు పలకడం మానేసేవి. రెండు రోజులు ఎండ కాస్తే వాటంతటవే తిరిగి వచ్చేవి. పట్నం నుంచి కాంట్రాక్టరు మనిషి మూడుసార్లు వచ్చాడు. రెండు డిటెక్టర్లు మార్చాడు, బిల్లు రాశాడు, వెళ్ళాడు. ఫోన్ చేసిన రోజున వాన, అతను వచ్చిన రోజున ఎండ. వచ్చిన ప్రతిసారీ యంత్రం చక్కగా పనిచేస్తూ కనిపించింది. మార్చిన రెండు డిటెక్టర్లూ నిక్షేపంగా ఉన్నవేనని తర్వాత తేలింది.

చివరికి దాన్ని పట్టుకున్నది ఆ ఆసుపత్రిలోనే పనిచేసే ఎలక్ట్రీషియన్. మోటారు స్టార్టర్లు, ఫ్యాన్లు బాగుచేసిన చేయి తప్ప, అలారం యంత్రాల చదువు అతనికి ఎవరూ చెప్పలేదు. అయినా మొదటి ప్రశ్న సరిగ్గా వేసుకున్నాడు. ఒక్క డిటెక్టర్ చెడిపోతే ఒక్క నంబరే పోవాలి. వరుసగా ఆరు నంబర్లు ఒకేసారి ఎందుకు పోతున్నాయి? డిటెక్టర్లు కూడబలుక్కుని చెడిపోవు. లోపం వాటిని కలిపే కేబుల్ ముక్కలోనే ఉండాలి. ప్యానెల్ అప్పుడప్పుడూ ఎర్త్ ఫాల్ట్ అని కూడా చూపడంతో తడికి, ఇనుముకు ఎక్కడో సంబంధం కుదిరిందని అతనికి అనుమానం వచ్చింది. వాన కురుస్తున్న రోజునే పని పెట్టుకున్నాడు. ఈ ఒక్క తెలివి చాలు, మూడు పర్యటనల బిల్లుకు సమాధానం చెప్పడానికి.

ముందుగా సూపరింటెండెంట్ అనుమతి తీసుకున్నాడు. అలారం ఆపి ఉంచినంతసేపూ ఇద్దరు వార్డుబాయిలు చేత ఈల, మంటలార్పే సిలిండరు పట్టుకుని వార్డుల్లో తిరిగేలా ఏర్పాటు జరిగింది. ఈ జాగ్రత్త చాలా చోట్ల తీసుకోరు. అలారం ఆపేసి, దాని మాటే మరచి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిపోయే వారున్నారు.

తర్వాత లూప్ రెండు కొసలనూ ప్యానెల్ నుంచి విప్పి, ఆ ఆరు డిటెక్టర్ల తలలను బేసుల నుంచి తిప్పి ఊడదీసి, మల్టీమీటర్‌తో కొలిచాడు. పోగుకూ ఎర్త్‌కూ మధ్య మీటరు ముల్లు కదలకూడదు. అంకెల మీటరయితే అందనంత పెద్ద అంకె చూపాలి. అక్కడ కొన్ని వేల ఓములే చూపింది. కరెంటు లైన్లో ఫాల్ట్ వెతికే లైన్‌మన్ లాగే ఆ ముక్కను నడిమధ్య, 49కి 50కి మధ్య విప్పాడు. ఒక సగం శుభ్రం. రెండో సగంలో లోపం. దాన్ని మళ్ళీ సగం చేశాడు. ఇలా సగాలు చేస్తూ పోతే ఆరు డిటెక్టర్ల ముక్కలో లోపం ఉన్న జాగా తేలడానికి మూడు నాలుగు కొలతలు చాలు. వంద డిటెక్టర్ల లూప్ అయినా ఏడెనిమిది కొలతలు దాటదు. ఒక్కొక్కటీ విప్పి చూసుకుంటూ పోయేవాడికి మాత్రం రోజులు పడుతుంది.

లోపం దొరికింది పసిపిల్లల వార్డు గుమ్మం మీద, ఫాల్స్ సీలింగ్ లోపల. డాబా మీది వాన నీరు దిగే గొట్టం కీలు వద్ద కారి, చుక్కలు చుక్కలుగా కేబుల్ అతుకు మీద పడుతోంది. అతుకు పెట్టిన వారు డబ్బా బిగించలేదు, కనెక్టర్ వాడలేదు. రెండు తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి వదిలేశారు. టేపు ఊడి, రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. దానికి తోడు కేబుల్ పైపొర కింద ఉండే బోసి తీగ సీలింగ్ ఇనుప చట్రానికి తగులుతోంది. ఆ తీగను ప్యానెల్ దగ్గర ఒక్కచోటే ఎర్త్ చేయాలి. మరో చోట ఇనుముకు తగిలితే అక్కర్లేని కరెంటు దాని గుండా పారి కబురు చెడుతుంది. కొత్త కనెక్టర్, ఒక ప్లాస్టిక్ డబ్బా, రెండు స్క్రూలు. ఊళ్ళో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే చిల్లర సరుకు.

ఆరు నంబర్లలో అయిదు పలికాయి. 48 పలకలేదు. 50 దగ్గర మాత్రం ఒకే నంబరు ఇద్దరికి ఉందని ప్యానెల్ చూపింది. కాంట్రాక్టరు మనిషి మార్చిన డిటెక్టర్‌కు వెనక ఉన్న చిన్న చక్రాల మీద 48 అని పెట్టడానికి బదులు 50 అని పెట్టి వెళ్ళాడు. తరగతిలో ఒక నంబరుకు ఇద్దరు పిల్లలు పలుకుతుంటే, మరో నంబరుకు ఎవరూ పలకనట్లు అన్నమాట. చక్రం తిప్పితే సరిపోయింది. కొన్ని కంపెనీల వాటిలో నంబరు తలలో ఉంటుంది, కొన్నింటిలో బేసులో ఉంటుంది, మరికొన్నింటికి చేతిలో పట్టుకునే చిన్న యంత్రంతో రాయాలి. ఏ రకమో తెలుసుకోకుండా ఇక్కడిది అక్కడ, అక్కడిది ఇక్కడ మార్చి చూస్తే కొత్త గందరగోళం తప్పదు.

నర్సమ్మను నిందించి లాభం లేదు

ఇంత చిన్న లోపం అన్ని నెలలు ఎలా నిలిచింది? బజర్ నొక్కి ఆపిన నర్సమ్మదే తప్పని కొందరు అధికారులు తేల్చేస్తుంటారు. ఇది న్యాయం కాదు. రాత్రంతా పసిబిడ్డలను చూసుకునే మనిషి చెవిలో ఆ కీచు అరుపు మోగుతుంటే పని ఎలా జరుగుతుంది? మీట ఉన్నది నొక్కడానికే. నొక్కాక ఎక్కడ రాయాలో, ఎవరికి చెప్పాలో ఆమెకు చెప్పని వారిదే తప్పు. ఆ పెట్టె పక్కన తాడు కట్టిన పెన్నుతో ఒక ఫాల్ట్ రిజిస్టరు ఉండి, తేదీ, వేళ, అద్దంలో కనిపించిన నంబరు, వాన పడిందా లేదా అన్నది రాస్తూ వస్తే, రెండో వానకే గుట్టు బయటపడేది.

రెండో తప్పు కాగితాలది. కట్టడం అప్పగించేటప్పుడు ఏ నంబరు ఏ గదిలో ఉందో, కేబుల్ ఏ దారిన పోయిందో చూపే పటం కాంట్రాక్టరు ఇవ్వాలి. చాలా చోట్ల అది ఉండదు. ఉన్నా ఇంజనీరింగ్ ఆఫీసు బీరువాలో ఉంటుంది. ప్యానెల్ అద్దంలో కనిపించే పొట్టి ఇంగ్లీషు మాటలు బిగించిన వాడికి తప్ప అర్థం కావు. '47 - పసిపిల్లల వార్డు స్టోరు, 48 - పసిపిల్లల వార్డు లోపల' అంటూ తెలుగులో ఒక పట్టిక రాసి పక్కన అంటించడానికి లక్షలు అక్కర్లేదు. ఎర్ర దీపం వెలిగిన రాత్రి వార్డుబాయి పరుగెత్తాల్సింది ఎటు అన్నది కూడా ఆ పట్టికే చెబుతుంది.

మూడోది తాళం సంగతి. ప్యానెల్ జరిగినదంతా తన జ్ఞాపకంలో రాసుకుంటుంది. ఏ తేదీన, ఏ వేళకు, ఏ నంబరు పోయింది, ఎప్పుడు తిరిగి వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. చాలా యంత్రాల్లో మామూలు చిట్టా ఎవరైనా చూడవచ్చు. లోతుగా చూడాలంటే, మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ కాంట్రాక్టరు మనిషి జేబులో ఉంటుంది. ప్రజల సొమ్ముతో కొన్న యంత్రం తాళం ప్రైవేటు వాడి దగ్గర ఉండటం ఎక్కడి పద్ధతి? సీలు వేసిన కవరులో సూపరింటెండెంట్ దగ్గర ఒక ప్రతి ఉండాలి.

బయటివారు చేయి పెడితే యంత్రం పాడవుతుందని కంపెనీల వారు వాదిస్తారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇళ్ళ వైరింగ్ పరీక్షించే మెగ్గర్ 500 వోల్టులు పంపుతుంది. డిటెక్టర్లు బిగించి ఉండగా దాన్ని లూప్‌కు పెడితే ఒక్క దెబ్బకు అన్నీ కాలిపోతాయి. ఐసొలేటర్లున్న లూప్‌లో కరెంటు తీసేసి కొలిస్తే, కొన్ని రకాల్లో తెగని తీగ కూడా తెగినట్లు మీటరు చూపిస్తుంది. తెలియనివాడు మంచి కేబుల్ పీకేసే ప్రమాదముంది. అందుకే అతన్ని దూరంగా ఉంచమనడం కంటే నేర్పమనడం సబబు. తల ఊడదీసి మళ్ళీ బిగించడం, బేసు స్క్రూలు బిగుతుగా ఉన్నాయో లేదో చూడటం, బేసు దగ్గర వోల్టేజి కొలవడం, చిట్టా చదవడం, ఇవి ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండాలి. ప్యానెల్ లోపలి కార్డు, సాఫ్ట్‌వేర్ కంపెనీ వాడికి వదిలేయవచ్చు. ఎక్కువ లోపాలు వదులైన స్క్రూ, తడి, ఎలుక కొరికిన తీగ, రంగులు వేసినప్పుడు తీసి మళ్ళీ పెట్టని తల వంటివే. వీటి కోసం పట్నం నుంచి మనిషి రావాలా?

బ్యాటరీల మాట కూడా చెప్పుకోవాలి. పెట్టె అడుగున 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోగా ప్యానెల్‌ను నిలిపేవి అవే. అవి చచ్చి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ యంత్రం ఆరిపోయి, మళ్ళీ మొదటి నుంచి హాజరు వేసుకుంటుంది. ఆ కాసేపూ ఆసుపత్రి మొత్తం దిక్కులేనిదే. పల్లెల్లో కరెంటు ఎన్నిసార్లు పోతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతకన్నా ఘోరమైన అలవాటు మరొకటి ఉంది. మాటిమాటికీ ఫాల్ట్ చూపే నంబరును 'డిజేబుల్' చేసేయడం. తనిఖీకి పెద్దలు వస్తున్నారంటే ముందురోజు ఇది జరుగుతుంది. నంబరును పిలవడమే మానేస్తే గైరు హాజరు ఉండదు కదా! డిజేబుల్ చేసినట్లు ప్యానెల్ మీద మరో చిన్న దీపం వెలుగుతుంది కానీ, దాన్ని అడిగే తనిఖీ అధికారి అరుదు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో ప్రాణాలర్పించిన సిబ్బంది స్మృతిగా ఇవి మొదలయ్యాయి. తడి గోనెసంచితో గ్యాస్ సిలిండర్ మంట ఎలా ఆర్పాలో బాగా చూపిస్తారు, జనం చప్పట్లు కొడతారు. ఆ వారంలో ఒక్క పూట ఆసుపత్రి ప్యానెల్ ముందు నిలబడి, డిజేబుల్ చేసిన నంబర్లెన్నో చదివి రాసుకుంటే ఆ వారానికి ఇంకా విలువ వస్తుంది.

ఫైర్ అలారం ఎలా ఎంచుకోవాలో, ఎలా బిగించాలో, ఎలా కాపాడుకోవాలో చెప్పే భారత ప్రమాణం ఐ.ఎస్. 2189 ఉండనే ఉంది. నిబంధనలకు కొదవ లేదు. ఏటా సంరక్షణ ఒప్పందం రాసేటప్పుడు మాత్రం 'పిలిచినప్పుడు వచ్చి చూడవలెను' అనే ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. వచ్చి చూస్తే బిల్లు అవుతుంది, బాగయిందా లేదా అన్నది తేలదు. ఫాల్ట్ పోయి, రెండు వానలు గడిచినా తిరిగి రాలేదని రిజిస్టరులో సంతకం పడ్డాకే సొమ్ము చెల్లించాలి.

పల్లె జనం ఈ యంత్రాన్ని బాగుచేయలేరు, చేయబోకూడదు కూడా. కానీ బిడ్డను చూడటానికి వచ్చినవారు దీపం రంగు చూడగలరు. పసుపు వెలుగుతుంటే 'ఏ గది నంబరమ్మా?' అని అడగగలరు. డిటెక్టర్ కింద అగరొత్తులు వెలిగించకుండా, మరుగుదొడ్డిలో బీడీ కాల్చకుండా ఉండటం వారి చేతిలోనే ఉంది. రిజిస్టరు నకలు ఇమ్మని 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. రిజిస్టరు లేదని జవాబు వస్తే ఆ జవాబే ఆసుపత్రి అభివృద్ధి సంఘం ముందు పెట్టవచ్చు. సంరక్షణ ఒప్పందాలు ఏప్రిల్‌లో కొత్తగా మొదలయ్యే ఆసుపత్రుల్లో, తెలుగు పట్టిక, ఫాల్ట్ రిజిస్టరు, పాస్‌వర్డ్ కవరు ఈ మూడింటినీ షరతులుగా రాయించడానికి ఫిబ్రవరి సమావేశం దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.